వెళ్లవచ్చు, రాకూడదు

పరుగెత్తేవాళ్లు రోడ్డుకు కుడి పక్కన, సైకిల్ తొక్కేవాళ్లు ఎడమ పక్కన వెళ్లాలని మా పురపాలక సంఘం ఎండాకాలం ముందు తీర్మానించింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పరుగెత్తేవాడికి ఎదురొచ్చే బండి కనపడాలి. సైకిలు తానే ఒక బండి కనక తోటి బండ్లతో పాటు వెళ్లాలి. ఎక్కడైనా పెద్దవాళ్లు చెప్పేది ఇదేనట. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినవాటిలో ఏ ఒక్కటీ తెలివితక్కువవాళ్లు చేసిన పని కాదు. ప్రతి మెట్టూ సవ్యంగానే కట్టారు. మెట్లన్నీ ఎక్కాక పైన మేడ లేదని తెలిసింది, అంతే.

నిజానికి మా ఊళ్లో పరుగెత్తేవాళ్లు కొత్తగా వచ్చారు. అంతకుముందు కుక్క తరిమితే పరుగెత్తేవాళ్లు, బస్సు కదిలితే పరుగెత్తేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లకి పక్కలు చూసుకునే తీరిక ఉండదు. కిందటేడు ఆరోగ్య పట్టణాల పోటీ అని ఒకటి వచ్చింది. కమిషనర్ దివాకరం గారు ఊరంతా చిలకపచ్చ బ్యానర్లు కట్టించారు. బంగారం కొట్టు సుబ్బరామగుప్త గారు పరుగుల క్లబ్బు పెట్టి దానికి అధ్యక్షులయ్యారు. పళ్ల డాక్టరు చైతన్యభాస్కర్ గారికి అందులో ఉపాధ్యక్ష పదవి మాత్రమే ఇస్తామనేసరికి ఆయన సైకిళ్ల క్లబ్బు పెట్టి దానికి అధ్యక్షులయ్యారు. రెండు క్లబ్బుల బనీన్లూ చిలకపచ్చవే. ఇద్దరు అధ్యక్షులకూ మాటల్లేవు.

ఈ వ్యవహారంతో మా ఇంటికి ఏం సంబంధమంటే, మా అమ్మాయి ఇందుమతి పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాతపరీక్ష గట్టెక్కింది. పరుగు పరీక్ష మిగిలింది. తెల్లవారుతూనే కాలవ రోడ్డు మీద ఆమె పరుగెత్తుతుంటే పక్కనే సైకిల్ తొక్కుకుంటూ వాళ్లమ్మ వెళ్లేది. మా ఇంట్లో సైకిల్ బాగా తొక్కేది ఆవిడే. మాఘమాసంలో ఆవిడ పోయింది. కర్మకాండ అయి, చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు అమ్మాయి బూట్లు కట్టుకుని గుమ్మంలో నిలబడితే, నేను సైకిల్ బయటికి తీశాను. ఆ సీటు నాకు కురచ. మోకాళ్లు హ్యాండిలుకు తగులుతాయి. మార్చలేదు.

ఇంట్లో మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోం. ఇద్దరు మాట్లాడుకుంటే మూడో గొంతు లేదని తెలిసిపోతుంది. రోడ్డు మీద ఆ ఇబ్బంది లేదు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనక్కర్లేదు, ఇద్దరం ముందుకే చూస్తాం.

"నాన్నా, నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేశావు."

"ఒకసారి వేసిన సంగతి గుర్తులేదమ్మా."

"మొన్న అసలు వెయ్యనేలేదు."

"అదీ ఇదీ కలుపుకో. సరిపోయింది."

ఆమెకి నవ్వొస్తే ఊపిరి తప్పుతుంది. "పరుగెత్తేటప్పుడు నవ్వించకు, నీకు దణ్ణం పెడతా" అని కసురుతుంది. రోజు మొత్తంలో మా ఇంటికి దక్కే నవ్వు అదొక్కటే. అది కూడా ఇంటి బయట. అందుకని తీర్మానం సంగతి విన్నప్పుడు నాకు భయం వేసింది.

"మనల్ని ఎవరు పట్టించుకుంటారే, పక్కపక్కనే వెళ్దాం" అన్నాను.

"పోలీసు కాబోతున్నదాన్ని నాన్నా. నేనే రూలు తప్పితే రేపు రోడ్డు మీద ఎవర్ని ఆపను?" అంది.

అలా పెంచింది మేమే.

మా కాలవ రోడ్డు బస్టాండు దగ్గర మొదలై మిరపకాయల కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆగుతుంది. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు కాలవ, ఎడమచేతి వైపు కొట్లు. నడుమ టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎత్తుకున్న లారీలు. తీర్మానం ప్రకారం అమ్మాయి కాలవ వైపు పరుగెత్తేది, నేను కొట్ల వైపు తొక్కేవాణ్ని. తిరిగొచ్చేటప్పుడు ఆమె కొట్ల వైపుకి, నేను కాలవ వైపుకి మారేవాళ్లం. రోడ్డు దాటేటప్పుడు మాత్రం మధ్యలో ఒకళ్లకొకళ్లు ఎదురయ్యేవాళ్లం. "మంచినీళ్లు తాగావా?" అని నేను, "ఆఁ" అని ఆమె.

వారం తిరక్కుండానే ప్రమాదం జరిగింది. గుప్త గారు కోల్డ్ స్టోరేజీల నుంచి తిరిగి పరుగెత్తుకొస్తున్నారు. ఆయన కుడి పక్క కొట్ల వైపు. డాక్టరు గారు బస్టాండు నుంచి సైకిల్ మీద బయల్దేరారు. ఆయన ఎడమ పక్క కూడా కొట్ల వైపే. ఇద్దరూ తీర్మానం ప్రకారమే వస్తున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. మస్తానమ్మ టీ బంకు ముందు ఢీకొన్నారు.

"ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా గుద్దుకున్నారనుకుంటున్నారా? శుభ్రంగా చూసుకున్నారు నాయనా" అని మస్తానమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. "చూసుకుని ఇంకాస్త జోరు పెంచారు. నా బల్ల ఇరిగింది."

పురపాలక సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. గుప్త గారి మోచేతికి కట్టు, డాక్టరు గారి పెదవికి కుట్లు. దివాకరం గారు లేచి మాట్లాడారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"ఉభయులూ నిబంధనకు సంపూర్ణంగా కట్టుబడి ఢీకొన్నారు. ఇది పౌర క్రమశిక్షణకు తార్కాణం. అయినప్పటికీ, క్రమశిక్షణ క్రమశిక్షణకు ఇంత సమీపంలో ఎదురుపడుట వాంఛనీయం కాదు. పరిశీలనలో తేలినదేమనగా, మనిషి వెనుదిరిగినప్పుడల్లా కుడి ఎడమలు కూడా వెనుదిరుగుచున్నవి. పరిపాలన అలా తిరగజాలదు. కావున పక్కలను శాశ్వతంగా స్థిరపరచడమైనది. కాలవ పక్క పరుగుకు. కొట్ల పక్క సైకిలుకు. ఎవరు ఎటు తిరిగినా సరే."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. వినడానికి బాగుంది.

ఈ రెండో తీర్మానం అమలు చేయడానికి ఖాదర్ వలీ అనే ఆయనకి ఈల ఇచ్చి పార్శ్వ పర్యవేక్షకుడు అని పేరు పెట్టారు. ఆయన అంతకుముందు ఊళ్లో పందులు పట్టించేవాడు. నెమ్మదస్తుడు. మొదటి రోజు పొద్దున్నే ఒక కుర్ర లెక్చరరు కోల్డ్ స్టోరేజీల దాకా పరుగెత్తి, కాలవ పక్కనే వెనక్కి బయల్దేరాడు. ఖాదర్ వలీ ఈల వేశాడు.

"ఆగండి సార్. మీరు ఎడమ పక్కన వస్తున్నారు."

"కాలవ పక్కనే కదండీ వస్తున్నాను!"

"కాలవ పక్కనే. కానీ తిరిగారు కదా, అది ఇప్పుడు మీకు ఎడమ. పరుగు కుడి పక్కన అని మొదటి తీర్మానం."

"అయితే అవతలికి దాటతాను."

"అవతల సైకిళ్లది. రెండో తీర్మానం."

"మరి నేను ఇంటికెట్లా పోవాలయ్యా?"

ఖాదర్ వలీ కమిషనర్ గారికి ఫోన్ చేశాడు. "సార్, ఒకాయన తిరిగొస్తానంటున్నాడు, ఏం చెయ్యమంటారు?"

మొదటి తీర్మానం రద్దు చేస్తే పోయేది. కానీ అది ఏకగ్రీవంగా చేసిన తీర్మానం, రద్దు కావాలన్నా ఏకగ్రీవమే కావాలి. గుప్త గారూ డాక్టరు గారూ ఇద్దరూ సంఘంలో సభ్యులే, ఆ అత్యవసర సమావేశం తర్వాత ఒక గదిలో కూర్చోవడం మానేశారు. కాబట్టి రెండు తీర్మానాలూ ఉంటాయి, రెండూ అమలవుతాయి అని జవాబు వచ్చింది. రెండూ అమలైతే తేలేది ఒకటే. పరుగెత్తేవాడు కాలవ పక్కనే, అదీ తనకి కుడివైపు ఉండేలా వెళ్లాలి. అంటే కోల్డ్ స్టోరేజీల వైపే వెళ్లగలడు. సైకిలువాడు కొట్ల పక్కనే, అదీ తనకి ఎడమవైపు ఉండేలా వెళ్లాలి. అతను వెళ్లగలిగేదీ కోల్డ్ స్టోరేజీల వైపే.

వెళ్లవచ్చు. రాకూడదు.

ఆ పూట కోల్డ్ స్టోరేజీల గేటు ముందు సగం ఊరు పోగైంది. చిలకపచ్చ బనీన్ల వాళ్లు మిరప టిక్కీల మీద కూర్చుని తుమ్ముతున్నారు. పాలాయన ఖాళీ క్యాన్లతో, ఒక పురోహితుడు గృహప్రవేశం ముహూర్తం దాటబెట్టుకుని, సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. గుప్త గారింటి నుంచి టిఫిన్ క్యారేజీ వచ్చింది. తెచ్చిన పనివాడు సైకిల్ మీద వచ్చాడు కనక అతను కూడా ఉండిపోయాడు.

దీనికి పురపాలక సంఘం వెంటనే స్పందించింది. చెత్త ట్రాక్టరు కడిగించి, మామిడాకులు కట్టించి, 'పునరాగమన సేవ' అని రాయించింది. దివాకరం గారు కొబ్బరికాయ కొట్టి, "వెళ్లుట పౌరుని బాధ్యత, వెనక్కి తెచ్చుట పురపాలక సంఘ బాధ్యత" అన్నారు. ఆ రోజు నుంచి ట్రాలీలో అడుగున సైకిళ్లు, వాటి మీద గోతాలు, గోతాల మీద మనుషులు. బస్టాండు దగ్గర దింపేవాళ్లు. పోటీ చూడ్డానికి పైనుంచి వచ్చిన అధికారులు రోడ్డు మీద ఎదురుబొదురు ప్రమాదాలు పూర్తిగా అంతమయ్యాయని రాసుకుని వెళ్లారు. అది నిజమే. ఎదురుగా వచ్చేవాడు లేడు.

మా ఇద్దరికీ రోడ్డు దాటే పని కూడా తప్పిపోయింది. మధ్యలో ఆ "మంచినీళ్లు తాగావా" కూడా పోయింది. ట్రాక్టరులో మాట్లాడదామంటే, ఆడవాళ్లని ముందు, మగవాళ్లని వెనక కూర్చోబెట్టేవాళ్లు.

సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లాను. దివాకరం గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించారు.

"పానకాలరావు మాస్టారూ, మీ సమస్యను ఒక్క వాక్యంలో నివేదించండి."

"మా అమ్మాయితో మాట్లాడాలండి."

ఆయన కలం పట్టుకుని పక్కనున్న గుమాస్తా వైపు చూశారు. "ఇది ఏ విభాగానికి పంపాలయ్యా?"

గుమాస్తాకీ తెలియలేదు. నేను వివరించాను. ఆమె పరుగెత్తుతుంది, నేను పక్కన సైకిల్ తొక్కుతాను, ఒక్క మనిషి వెడల్పు చోటిస్తే చాలు అన్నాను. దివాకరం గారు శ్రద్ధగా విన్నారు.

"అమ్మాయిని మీ సైకిల్ క్యారేజీ మీద కూర్చోబెట్టుకోండి. అప్పుడు ఇరువురూ సైకిల్ వర్గమే."

"పరుగు పరీక్షండి ఆమెకి."

"అయితే మీరు దిగి పరుగెత్తండి. ఇరువురూ పరుగు వర్గం."

"రెండు కరెంటు స్తంభాలు దాటితే నా ఊపిరి నా దగ్గర ఉండదండి."

గుమాస్తా ముందుకు వంగాడు. "సార్, ఒక మార్గం ఉంది. సైకిలుకు తాడు కట్టి రెండో కొస అమ్మాయి నడుముకి కడితే, ఆ అమ్మాయి సైకిలుకు అనుబంధ వాహనం కిందకి వస్తుంది."

ఆయన వేళాకోళం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. దివాకరం గారు కూడా ఆలోచనలో పడ్డారు. "రావచ్చు. కానీ అనుబంధ వాహనానికి వెనుక ఎర్రదీపం ఉండాలి. బ్రేకు విషయం కూడా స్పష్టం చేయాల్సి ఉంటుంది."

దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలింది అరవడమే. మర్నాడు కొట్ల వైపు నుంచి కేకేశాను.

"ఇందూ! ఇవాళ బీరకాయా, దొండకాయా?"

మధ్యలో లారీ. "ఏంటీ?" అంది కాలవ వైపు నుంచి.

మస్తానమ్మ టీ వడపోస్తూనే గొంతెత్తింది. ఆవిడ గొంతు ముందు లారీ హారన్ చాలదు. "బీరకాయా దొండకాయా అంట తల్లీ!"

"బీరకాయ!"

"బీరకాయంట మాస్టారూ!"

"దొండకాయ మొన్ననే గదా వండారు" అన్నాడు మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్నాయన.

కొద్ది రోజుల్లో కాలవ రోడ్డుకి మా ఇంటి సంగతులన్నీ తెలిసిపోయాయి. నేను బీపీ బిళ్ల మర్చిపోతే మెడికల్ షాపతను గుర్తుచేసేవాడు. గ్యాసు అయిపోయిందని అమ్మాయి కాలవ వైపు నుంచి అరిస్తే, నేను బస్టాండుకి చేరేలోపల సిలిండర్ల కుర్రాడు నా కోసం నిలబడి ఉండేవాడు. అందరూ మంచివాళ్లు. కానీ నాకు ఒకటి అర్థమైంది. చిన్న మాటలు అరిచి చెప్పడానికి పనికిరావు. ఉప్పు ఎక్కువైందని పక్కనుండి అంటే వేళాకోళం, రోడ్డుకి అవతల నుంచి అరిస్తే ఫిర్యాదు. నవ్వుకి బదులు నవ్వు రోడ్డు దాటి వచ్చేసరికి చల్లారిపోతుంది. ముందు వేళాకోళాలు పోయాయి. తర్వాత కూరలు పోయాయి. చివరికి ఆమె కాలవ గట్టున ఆమె దారిన, నేను కొట్ల ముందు నా దారిన, మాట లేకుండా వెళ్లడం మొదలైంది. రోడ్డు కూడా మా ఇల్లయిపోయింది.

"ఏంది మాస్టారూ, తండ్రీ కూతుళ్లు అలిగారా?" అంది మస్తానమ్మ.

"లేదమ్మా."

"మరేందీ మూగనోము? మా గొంతులు తుప్పు పడుతున్నాయి."

ఆ మర్నాడో, ఆ పైరోజో, టీ బంకు ఎదురుగా వచ్చేసరికి అమ్మాయి పరుగు ఆపేసింది. ఎప్పుడూ మధ్యలో ఆగే మనిషి కాదు. కాలవ గట్టున నిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నా వైపు తిరిగి అరిచింది.

"నాన్నా! అమ్మ పోయినప్పుడు నువ్వెందుకు ఏడవలేదు?"

సగం మాట మీద లారీ వచ్చింది. నాకు 'అమ్మ' వరకే వినపడింది. మస్తానమ్మ అలవాటు కొద్దీ గొంతెత్తింది. "మాస్టారూ, అమ్మాయి ఏమంటుందంటే..."

అని ఆగిపోయింది. గరిటె కింద పెట్టింది.

"నేను చెప్పను నాయనా. మీరే పోయి అడుక్కోండి."

మంగలి కత్తి ఆగింది. మెడికల్ షాపు షట్టరు సగంలో ఆగింది. వాళ్లందరికీ వినపడింది, నాకు తప్ప. ఎవరూ నా వైపు చూడకపోవడంతో ఏం అడిగిందో నాకు తెలిసింది. జవాబు నా దగ్గర ఉంది. అరిచి చెప్పేది కాదు.

సైకిల్ స్టాండు వేసి రోడ్డులోకి దిగాను. అటునుంచి ఆమె కూడా దిగింది. రూలు తప్పనన్న పిల్ల. నడిమధ్యన కలుసుకున్నాం. కోల్డ్ స్టోరేజీకి వెళ్లే లారీ ఒకటి మా ముందు ఆగింది, వచ్చే లారీ ఒకటి మా వెనక ఆగింది.

"సైకిలు తొక్కడం నాకు ఇంకా సరిగ్గా రాలేదమ్మా" అన్నాను. "కళ్లల్లో నీళ్లొస్తే దారి కనపడదు. నేను పడితే నీ పరుగు ఆగిపోతుంది."

"ఇంట్లో తొక్కవుగా సైకిలు?"

"ఇంట్లో నువ్వుంటావు."

ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది. "నువ్వున్నావని నేను కూడా ఆపుకుంటున్నా నాన్నా. నువ్వు రాయిలా ఉంటే, నేను ఏడిస్తే ఏమనుకుంటావోనని."

అప్పుడు ఈల వినపడింది. ఖాదర్ వలీ పరుగెత్తుకొచ్చాడు. కాలవ పక్క నుంచి వస్తే పరుగు, కొట్ల పక్క నుంచి వస్తే సైకిలు. మధ్యలో నిలబడి ఏడిచేవాళ్లని ఏ వర్గంలో వెయ్యాలో ఆయనకి తెలియలేదు.

"మధ్య గురించి నాకేం చెప్పలేదు మాస్టారూ" అని, దూరంగా వెళ్లి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి తల గోక్కున్నాడు. "తదుపరి ఉత్తర్వులు వెలువడే దాకా మిమ్మల్ని ఇద్దర్నీ ఉన్నచోటే ఉంచమన్నారు సార్."

ఉన్నచోటే ఉన్నాం. మస్తానమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి రోడ్డు మధ్యలో ఇచ్చి వెళ్లింది. లారీ డ్రైవర్లు ఇంజన్లు ఆపి కిందికి దిగారు. హారన్ కొట్టబోయిన ఒక కుర్రాణ్ని ఖాదర్ వలీయే వారించాడు. "ఉత్తర్వులున్నాయి, ఆగవయ్యా." వాళ్లమ్మకి పెళ్లిలో కట్టిన చీర ఏ రంగో దగ్గర్నుంచి, ఆస్పత్రిలో చివరి రోజు ఆవిడ నాతో అన్న మాట దాకా, అమ్మాయి అడగాల్సినవన్నీ అడిగింది. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. పురపాలక సంఘం మా కుటుంబానికి చేసిన మేలు ఏదైనా ఉంటే, ఉత్తర్వులు రావడానికి ఆ పూటంతా తీసుకోవడమే.

చివరికి ఉత్తర్వులు రానేలేదు. అమ్మాయి గ్లాసులు తిరిగిచ్చి, "ఇంటికి పోదాం పద" అంది.

"ట్రాక్టరు ఇంకా రాలేదు. తిరిగి వెళ్లకూడదుగా."

"ఆ పక్కనో ఈ పక్కనో అయితే వెళ్లకూడదు. మధ్యకి రూలే లేదు నాన్నా. లేని రూలుని తప్పడం ఎట్లా కుదురుతుంది?"

మంచి పోలీసు అవుతుందనిపించింది. మర్నాటి నుంచి ఆమె రోడ్డు నడిమి గీత మీద పరుగెత్తుతుంటే నేను పక్కనే తొక్కుతున్నాను. వెళ్తున్నాం, వస్తున్నాం. లారీలు చెరో పక్కకి ఒదిగి వెళ్తున్నాయి. మమ్మల్ని చూసి లెక్చరరు వచ్చాడు, పాలాయన వచ్చాడు. ట్రాక్టరు మళ్లీ చెత్తకి పోయింది.

దివాకరం గారు ఊరుకునే మనిషి కాదు. రోడ్డు మధ్యభాగానికి నిబంధనలు రూపొందించడానికి ఉపసంఘం వేశారు. అందులో 'మధ్యమమున అనుభవం గల సభ్యుని'గా నన్ను నియమిస్తూ తాఖీదు పంపారు. సమావేశాలు ప్రతిరోజూ పొద్దున ఆరింటికి.

గౌరవానికి కృతజ్ఞతలు చెప్పి, ఆ వేళప్పుడు నాకు తీరదని రాసి పంపాను.